ఎదురు పక్షం

మా వీధి చివర గ్రంథాలయం మేడమీద యువజన సంఘం ఉంది. సంఘం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడుగాటి గది, రెండు క్యారమ్ బోర్డులు, కూర్చుంటే కిర్రుమనే ఇనప కుర్చీలు, ఆదివారం సాయంత్రం వాదన పోటీ, అంతే. పోటీ నడిపేది ఒక రిటైరైన పోస్టుమాస్టరు. మాట్లాడేవాళ్ళ సమయం అయిపోగానే బల్లమీది గంట టంగుమని కొడతాడు కాబట్టి ఆయన వెనకాల అందరికీ గంట మాస్టారు, ఎదురుగా ఉత్త మాస్టారు.

ఆ పోటీకి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. అంశం చెప్పగానే ఎవరి అభిప్రాయం వాళ్ళు చీటీమీద రాసివ్వాలి. రాసిచ్చినదానికి ఎదురు మాట్లాడాలి. "నువ్వు నమ్మింది నువ్వు చెప్తే అందులో గొప్పేముంది? అవతలివాడు అలా ఎందుకనుకుంటున్నాడో నీ నోటితో చెప్పి చూడు, అప్పుడు తెలుస్తుంది సరదా," అనేవాడు.

నాకు ఆ సరదా బాగా వంటబట్టింది. బడిలో ప్రశ్నకి ఒకటే జవాబు. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్తే మంచి పిల్ల, ఎందుకు అని అడిగితే నోటి దురుసు పిల్ల. నేను రెండో రకం. అలాంటిదాన్ని ఈ సంఘంలో కాలు పెడితే, ఎందుకు అన్నందుకు కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు. ఇంక లేస్తానా? డిగ్రీ చదివినన్నాళ్ళూ ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. ఇంట్లో నా పేరు లాయరు.

చదివింది మాత్రం ఫిజిక్సు. అందులోనూ నా పిచ్చి శబ్దం. ఖాళీ గదిలో మాట్లాడితే గొంతు ఎందుకు మారిపోతుంది, అదే గదిలో మంచం, బీరువా పెట్టగానే ఆ మార్పు ఎక్కడికి పోతుంది? ఇలాంటివి తల్చుకుంటే నాకు అన్నం అక్కర్లేదు. దాని గురించే ఇంకా చదువుకోవాలని వేరే ఊరి విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాను. చివరి పరీక్షలు అవుతుండగానే సీటు వచ్చింది. అమ్మకి చెప్పాను. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఎందుకంటే నాన్నకి వేరే కోరిక ఉంది.

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగంమంది ఎక్కి దిగేది ఆయన చేతిచలవతోనే. నన్ను వాళ్ళ కంపెనీలోనే ట్రైనీగా చేర్పించాలని ఆయన ఆశ. అలా అని ఎప్పుడూ అడగలేదు. అన్నం తినేటప్పుడు "మా ఆఫీసులో డిగ్రీ చేసిన పిల్లల్ని తీసుకుంటున్నారట" అని పళ్ళానికి చెప్పేవాడు. పళ్ళెం ఏమంటుంది? నేనూ ఏమీ అనేదాన్ని కాదు.

పరీక్షలయ్యాక జరిగిన సంఘం వార్షికోత్సవానికి మాస్టారు పెట్టిన అంశం: డిగ్రీ అయ్యాక ఇంకా చదవాలా, పనిలో చేరాలా? నేను చీటీమీద "చదవాలి" అని రాశాను. అంటే పని గొప్పదని మాట్లాడాలి.

పని గురించి నాకేం తెలుసు? తెలిసిందల్లా నాన్న పనే. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆయన చెప్పే ముక్కలన్నీ పోగేశాను. ఆ రోజు గది కిటకిటలాడిపోయింది. తల్లులూ తండ్రులూ వచ్చారు. నా వంతు రాగానే లేచి అందుకున్నాను.

"మీరు లిఫ్టు ఎక్కుతారు, మీట నొక్కుతారు, ఫోను చూసుకుంటారు. కాళ్ళకింద ఎంత లోతుందో ఒక్కరూ ఆలోచించరు. ఎందుకా ధైర్యం? పొద్దున్నే ఎవరో ఒక మనిషి పైకెక్కి ఆ తాళ్ళన్నీ చేత్తో తడిమి చూశాడు కాబట్టి. పరీక్షలో సగం తప్పులు రాసినా పాసంటారు. లిఫ్టు సగంసార్లు ఆగితే పాసంటారా? చదువు మన తప్పుల్ని క్షమిస్తుంది. పని క్షమించదు. అందుకే మనిషిని మనిషిగా చేసేది పనే."

చప్పట్లు మోగుతుంటే గుమ్మంలో నాన్న కనపడ్డాడు. డ్యూటీనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన పనిముట్ల సంచి అలాగే ఉంది. మాస్టారు మొదట్లో నియమం చెప్పినప్పుడు ఆయన లేడు. సంచి దించకుండా, కుర్చీ చూపించినా కూర్చోకుండా, గోడకి ఆనుకొని నన్నే చూస్తున్నాడు.

నాకే మొదటి బహుమతి వచ్చింది. ఇద్దరం ఇంటికి నడిచాం. వీధి మలుపులో నాన్న, "నేను చెప్పేవన్నీ నువ్వు వింటావన్నమాట," అన్నాడు.

"వింటాను నాన్నా."

"ఊఁ," అన్నాడు. సంచి ఆ భుజంమీదనుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. నియమం సంగతి అప్పుడే చెప్పేస్తే పోయేది. ఆ మొహం చూశాక నాకు నోరు రాలేదు.

మర్నాడు సాయంత్రం గుమ్మం పక్కన నాన్న బూట్ల సరసన ఇంకో జత ఉంది. ముందు భాగంలో ఇనప రేకున్న పని బూట్లే, కాకపోతే చిన్నవి. నా కొలత.

"ఆఫీసులో చెప్పేశాను," అన్నాడు నాన్న, చొక్కా విప్పుకుంటూ. "ఆడపిల్లకి ఈ పనేంటయ్యా అన్నాడు మా సూపర్వైజరు. నా కూతురు ఏం మాట్లాడిందో మీరు వినలేదు సార్, వింటే మీరే కారు పంపిస్తారు అన్నాను. వచ్చే వారంనుంచి రమ్మన్నాడు. తొడుక్కుని చూడు, బొటనవేలు నొక్కుతోందేమో."

నొక్కలేదు. సరిగ్గా సరిపోయాయి. అదే నా ఖర్మ.

వంటింట్లోకి వెళ్తే అమ్మ చంకలో ఒక పిల్ల, కాళ్ళ దగ్గర ఒక పిల్లాడు. పనులకెళ్ళే ఇరుగు పొరుగువాళ్ళ పిల్లల్ని అమ్మ పగలంతా చూసుకుంటుంది. మా ఇంట్లో ఏ రహస్యమైనా ఏడుపుల మధ్యే చెప్పుకోవాలి.

"చూశావా నాన్న ఏం చేశాడో!"

అమ్మకి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వినందుకు భయమేసింది. "చెప్పవే. ఉన్న సంగతి చెప్పెయ్యి."

"నువ్వు చెప్పమ్మా."

"బాగుంది! ఉపన్యాసం నేనిచ్చానా?" చంకలో పిల్ల నా చెవి పోగు పట్టుకుని లాగింది. అమ్మ ఆ వేళ్ళు విడిపిస్తూ గొంతు తగ్గించింది. "రాత్రి నాకు మొత్తం మళ్ళీ చెప్పాడే మీ నాన్న. నువ్వు ఎక్కడ ఆగావో, ఎక్కడ చెయ్యి ఊపావో అన్నీ చేసి చూపించాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ మనిషి అంతసేపు మాట్లాడగా నేను చూళ్ళేదు."

ఇంక నేనేం చెప్తాను? సీటుకి ఒప్పుకునే గడువు నెలాఖరుదాకా ఉంది కదా, ఈలోగా వీలు చూసుకుని చెప్దాంలే అనుకున్నాను. బూట్లు తొడుక్కున్నాను.

పని ఒకలా ఉంటుందనుకుంటే ఇంకోలా ఉంది. లిఫ్టంటే నాకు తెలిసింది పెట్టె ఒక్కటే. ఆ పెట్టె కింద ఒక గుంట ఉంటుందనీ, అందులోకి నిచ్చెన దిగితే పైనంతా చీకటి గొట్టంలా కనపడుతుందనీ, పెట్టె పైకెళ్తుంటే దానికి సరితూగే ఇనప దిమ్మలు పక్కనుంచి కిందికి దిగుతాయనీ నాకెవరూ చెప్పలేదు. కాలేజీలో ఆ లెక్క కాగితంమీద ఎన్నోసార్లు చేశాను. ఆ దిమ్మలు నా చెవి పక్కనుంచి గాలి విసురుతూ దిగినప్పుడు మాత్రం, ఇదా సంగతి అని పకపకా నవ్వాను. గుంటలో నిలబడి ఎందుకు నవ్వుతున్నానో పైనున్న వాచ్‌మన్‌కి అర్థం కాలేదు.

నాన్న పద్ధతి ఒకటే. ముందు విను, తర్వాత విప్పు. ఏ లిఫ్టు బాగాలేదని పిలిచినా స్క్రూడ్రైవర్ తియ్యడు. ఎక్కి, తలుపు మూసి, కళ్ళు మూసుకుని కిందనుంచి పైదాకా వెళ్ళొస్తాడు. మొదటిరోజు నన్నూ అలాగే చెయ్యమన్నాడు.

"ఏం వినపడింది?"

"రెండో అంతస్తు దాటాక టిక్కుమంది."

"పైకెళ్ళేటప్పుడా, దిగేటప్పుడా?"

"రెండుసార్లూ. దిగేటప్పుడు కొంచెం ఎక్కువ. ఎందుకు నాన్నా?"

"ఏమో, చూద్దాం పద," అన్నాడు. నా ఎందుకులకి విసుక్కోని మనిషి ఇంట్లోనే ఉన్నాడని నాకు అన్నాళ్ళూ తెలీలేదు. ఇంట్లో ఆయన్ని నేను అడిగిందెప్పుడు గనక!

రోజులు దొర్లిపోయాయి. ఎండలు ముదిరాయి. డాబాలమీద మోటార్లుండే మెషీన్ గదులు కొలిమిలా ఉండేవి. జుట్టంతా గ్రీజు వాసన. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది. నచ్చకపోతే ఏడ్చి అయినా చెప్పేసేదాన్ని. పోనీ ఇదే నా దారేమో అనుకుందామంటే, సందు దొరికినప్పుడల్లా సీటు గుర్తొచ్చేది, నా మనసు అటు లాగేది. ఈలోగా ప్రతి బిల్డింగులోనూ నాన్న నన్ను చూపించి, "మా అమ్మాయి. డిగ్రీ చదివింది. తనే కోరి వచ్చింది," అనేవాడు. ఆ చివరి మాట వినగానే నేను ఏదో ఒక నట్టు బిగించడం మొదలుపెట్టేదాన్ని. అప్పటికే బిగించిన నట్లు కూడా.

ఓ ఆదివారం సంఘానికి వెళ్ళి మాస్టారిని పట్టుకున్నాను.

"మాస్టారూ, ఎదురు మాట్లాడీ మాట్లాడీ నేనేమనుకుంటున్నానో నాకే తెలీకుండా పోయింది. పని గురించి చెప్తే పని నిజమనిపిస్తోంది, చదువు గురించి తల్చుకుంటే చదువు నిజమనిపిస్తోంది."

ఆయన గంటని గుడ్డతో తుడుస్తూ, "అది పోటీకి బాగుంటుంది," అన్నాడు.

"ఇంట్లో ఏం చెయ్యాలి?"

"ఇంట్లో నేను మా ఆవిడ పక్షమమ్మా. నన్నడిగి లాభంలేదు."

గడువు దగ్గర పడింది. అమ్మ నావైపు చూసేది, నేను పిల్లలవైపు చూసేదాన్ని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఒక పాత బిల్డింగులో లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ఒకావిడ ఉంది. వెళ్ళేసరికి వాచ్‌మన్ కంగారుపడుతున్నాడు. ఆవిడ పైన క్లినిక్కు నడిపే పళ్ళ డాక్టరట.

ఇలాంటప్పుడు చేసే పని నాన్న నాకు నేర్పాడు. కరెంటు కట్టేసి, పైన మెషీన్ గదిలో బ్రేకు వదులు చేసి, చేతిచక్రం తిప్పుతూ పెట్టెని అంగుళం అంగుళం జరపాలి. కింద ఒకరు తలుపు దగ్గర నిలబడి, నేల సమానం కాగానే ఆపమని అరవాలి.

"తలుపు చెయ్యి పట్టేంత తెరువు, అంతకుమించి వద్దు," అన్నాడు నాన్న మెట్లెక్కుతూ. "ఆవిణ్ణి మాటల్లో పెట్టు. మనిషి ఊపిరి బిగబట్టకూడదు."

మూడో అంతస్తులో తాళం తిప్పి తలుపు కాస్త జరిపాను. సందులోంచి పెట్టె పైభాగం మోకాళ్ళ ఎత్తులో కనపడింది. లోపల్నుంచి వేగంగా ఊపిరి పీలుస్తున్న చప్పుడు.

"డాక్టరుగారూ, ఏం కాదండీ, మా నాన్న పైకెళ్ళాడు. భయపడకండి, మీరు ఇప్పుడే బయటికొచ్చేస్తారు."

"అలాంటివి చెప్పకమ్మా," అంది గొంతు. వణుకుతోంది, అయినా పదునుగానే ఉంది. "నొప్పి ఉండదు, ఇప్పుడే అయిపోతుంది అని నేను రోజూ అందరికీ చెప్తాను. అందులో ఎంత నిజముందో నాకు తెలుసు. ఇంకేదైనా చెప్పు. నిజంగా జరిగింది. వింటుంటే నేను ఇక్కడున్నట్టు గుర్తుండకూడదు."

నిజంగా జరిగింది అంటే నాకు తట్టింది ఒకటే. పైన చక్రం తిరగడం మొదలైంది, తాళ్ళు మెల్లిగా కదిలాయి. నేను మొదలుపెట్టాను. సంఘం, చీటీ, ఎదురు పక్షం, గుమ్మంలో నాన్న, బూట్లు, అన్నీ. మధ్యలో ఆవిడ నవ్వింది కూడా.

"అయితే నువ్వు అక్కడ చెప్పిందంతా ఉత్తుత్తిదా?"

"నేను రాసిచ్చింది చదవాలనండీ. నియమం ప్రకారం పని గొప్పదని మాట్లాడాను. నాన్న నిజమనుకున్నాడు. అటుపక్క సీటేమో వచ్చింది. నాకు వెళ్ళాలనుంది డాక్టరుగారూ. చాలా ఉంది. ఎలా చెప్పాలో తెలీట్లేదు."

తాళ్ళు ఆగాయి.

"ఆగిందేం?" అంది ఆవిడ.

నేను పైకి చూశాను. కరెంటు లేదు, మోటారు లేదు, ఫ్యాన్లు లేవు. మధ్యాహ్నం నిద్రలో బిల్డింగంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ గొట్టం అంచున నిలబడి నేను తీరిగ్గా కబుర్లు చెప్తున్నాను. గొట్టం పైన, తాళ్ళు దిగే కన్నాల పక్కన, మా నాన్న ఉన్నాడు. అరిస్తేనే ఆయనకి వినపడుతుందని నేను అనుకున్నాను. శబ్దం గురించి చదవడానికి సీటు తెచ్చుకున్నదాన్ని!

తాళ్ళు మళ్ళీ కదిలాయి. అంతకుముందులాగే, అంతే నిదానంగా. నేల సమానం కాగానే "ఆపు" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. ఆగింది.

తలుపు పూర్తిగా తెరిస్తే చెమటతో తడిసిపోయిన ఒక లావుపాటావిడ నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. వాచ్‌మన్ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగి, "కథ మధ్యలో దింపేశారు నన్ను," అంది. నాన్న కిందికొచ్చాడు. ఆవిడకి నమస్కారం పెట్టాడు. వంగి, లిఫ్టుని ఆపేసిన చిన్న గులకరాయిని తలుపు గాడిలోంచి తీసి చూపించాడు. గాడి తుడిపించాడు. నన్ను ఎక్కించి కిందనుంచి పైదాకా రెండుసార్లు తిప్పాడు. అన్నీ ఎప్పటిలాగే చేశాడు, ఏం వినపడిందని మాత్రం నన్ను అడగలేదు.

పైన మెషీన్ గది తాళం వెయ్యాలి. వెనకాలే వెళ్ళాను. డాబామీద ఎండ మండిపోతోంది. గది గోడ నీడలో నాన్న సంచి దించి, గట్టుమీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఎప్పుడు చేరాలి?" అన్నాడు.

చెప్పాను.

"ఒప్పుకుంటున్నానని చెప్పావా వాళ్ళకి?"

"ఇంకా లేదు. ఎల్లుండే ఆఖరు."

"ఇవాళే చెప్పెయ్యి. ఎల్లుండిదాకా ఎందుకు?" గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. "సూపర్వైజరుకి నేను చెప్పుకుంటాలే. నవ్వుతాడు. నవ్వనీ."

"నాన్నా, నేను ముందే..."

"అది కాదు," అన్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "నువ్వు వెళ్ళడం గురించి కాదు నేను అడిగేది. వెళ్ళు. చదువుకో. ఎవరొద్దన్నారు? ఆ రోజు నువ్వు... పొద్దున్నే పైకెక్కి ఎవరో తాళ్ళు తడుముతాడు కాబట్టి మీకు ధైర్యం అన్నావే. అది కూడా మీ మాస్టారి నియమమేనా? ఆ పక్షం నీకొచ్చింది కాబట్టి అన్నావా?"

ఆయనకి కావలసింది అదొక్కటే. కూతురు ఉద్యోగంలో చేరుతుందా, ఊరు విడిచి వెళ్తుందా అన్నది కాదు. ఇన్నేళ్ళ ఆయన పని గురించి ఒక్కసారి, నలుగురిలో, ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలన్నారు. అవి కూడా వెనక్కి తీసుకుంటున్నానా అని అడుగుతున్నాడు.

"లేదు నాన్నా. అది..." అని మొదలుపెట్టాను.

ఏ అంశం ఇచ్చినా లేచి నిలబడి అందుకునేదాన్ని, తడబడ్డాను. "నువ్వు ఆ తాడు... అంటే తాడని కాదు. పొద్దున్న నువ్వు చేత్తో చూస్తావు కదా. అక్కడ ఎవరూ ఉండరు. చూడకపోయినా ఎవరికీ తెలీదు. అయినా నువ్వు... నేను పక్కన నిలబడి... మొన్న కూడా అనుకున్నాను... ఏమనుకున్నానంటే..." ఆగిపోయాను. ముక్కు చీదుకున్నాను. మళ్ళీ అందుకోబోతే మొదటి మాటే రెండోసారి వచ్చింది.

నాన్న అందించలేదు, ఆపలేదు. ఎండకి కళ్ళు చికిలించుకుని నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"నీ పని నాకిష్టం," అన్నాను ఆఖరికి. "నువ్వు చేస్తుంటే చూడ్డం ఇష్టం. వెళ్ళి చదువుకోవడమూ ఇష్టమే. ఇది నిజమైనంత మాత్రాన అది అబద్ధం కాదు నాన్నా. నువ్వంటే నాకు చాలా గొప్ప."

మెషీన్ గదిలో మోటారు ఆగి ఉంది. డాబామీద గాలి కూడా లేదు.

"ఏమన్నావు?" అన్నాడు నాన్న. "ఇంకోసారి చెప్పు."

వినపడకపోవడానికి అక్కడ ఏ చప్పుడూ లేదు. అయినా ఇంకోసారి చెప్పాను.